ఇంట సంగీతము, సంఘ సంగీతము: పాత సింథసైజరులను గూర్చి

(శతవార్షికోత్సవ సంగీత సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)

నూరేండ్లు మన అధ్యక్ష ఖండమును కాపాడి నడిపించిన దేవునికి స్తోత్రము కలుగును గాక.

ఈ సభలలో మన పాఠశాలలను గూర్చియు, వైద్యశాలలను గూర్చియు, తొలి విశ్వాసుల త్యాగములను గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. కమిటీవారు నాకిచ్చిన అంశము, పాత సింథసైజరులతో ఇంటివద్ద ఎలక్ట్రానిక్ సంగీతము చేసికొనుట. ఇది సంఘమునకు సంబంధించిన విషయమేనా అని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. అయితే నేడు మన ఖండములో తాటాకు పందిరిలో కూడుకొను చిన్న సంఘములో సహితము ఒక కీబోర్డు ఉన్నది. ఏ కంపెనీ దైనను మనవారు దానిని ‘కేసియో’ అనియే పిలుచుచున్నారు. మన ఆరాధన స్వరూపమును ఇంతగా మార్చిన ఆ పెట్టెలో ఏమున్నదో, అది ఎక్కడనుండి వచ్చినదో, దానిని మనము ఏలవలెనో, అది మనలను ఏలవలెనో ఆలోచించుట మన విధి.

ఆదికాండము 4వ అధ్యాయములో లెమెకు కుమారులను గూర్చి చదువుచున్నాము. యూబాలు వాద్యములు వాయించువారికి మూలపురుషుడు. అతని సహోదరుడైన తూబల్కయీను ఇనుము, ఇత్తడి పనిముట్లు చేయువాడు. తల్లులు వేరైనను తండ్రి ఒక్కడే. సంగీతము, లోహపు పని ఒకే ఇంటిలో పెరిగిన అన్నదమ్ములు. సింథసైజరు అనునది ఆ యిద్దరు సహోదరులు మరల ఒక బల్లయొద్ద కూర్చుండి చేసిన పని యని నేను తలంచుదును.

సింథసైజరు అనగా నేమి?

హార్మోనియము మనకందరికి తెలిసినదే గనుక దానితో పోల్చి చెప్పెదను. హార్మోనియములో తిత్తులు గాలి నిచ్చును; ఆ గాలికి ఇత్తడి నాలుక అదరును; ఆ అదురే స్వరము. సింథసైజరులో గాలికి బదులు విద్యుత్తు, నాలుకకు బదులు ‘ఆసిలేటరు’ అను చిన్న సర్క్యూటు. అది విద్యుత్తును సెకనుకు ఇన్నిసార్లని ఊగించును. 440 సార్లు ఊగిన ఒక స్వరము, 880 సార్లు ఊగిన అదే స్వరము పై స్థాయిలో వినబడును. ఆ ఊపు ఆకారమును బట్టి ధ్వని స్వభావము మారును. రంపపు పండ్ల ఆకారమైన సన్నాయివలె గరుకుగా నుండును. చతురస్రమైన బోలుగా, పిల్లనగ్రోవికిని వెదురు బూరకును నడుమ నుండును. సైను తరంగమైన మిక్కిలి నున్నగా ఈలవలె నుండును.

రెండవ భాగము ఫిల్టరు. మీరు నోరు ముడిచి ‘ఊ’ అనుచు, అదే శ్రుతిలో మెల్లగా నోరు తెరచి ‘ఆ’ అనుడి. కంఠములో స్వరము మారలేదు. నోటి ఆకారము మారినందున ధ్వని తేటపడినది. ఫిల్టరు చేయు పని ఇదియే. ధ్వనిలోని పై అంశములను అడ్డగించును లేక విడిచిపెట్టును.

మూడవది ఎన్వెలపు. అనగా ధ్వని పుట్టి, నిలిచి, చచ్చు విధము. గుడి గంటను కొట్టినపుడు ధ్వని ఒక్కసారిగా పుట్టి చాలసేపటికి గాని అణగదు. వీణ తీగెను మీటినను అంతే గాని త్వరగా అణగును. వయొలిను కమాను మెల్లగా లాగిన ధ్వని మెల్లగా పెరుగును. ఈ పుట్టుక, తగ్గుదల, నిలుకడ, విడుపు అను నాలుగింటిని నాలుగు మీటలతో మనకిష్టమైనట్లు దిద్దుకొనవచ్చును. ఈ మూడు భాగములు తెలిసిన, ప్రపంచములోని పాత సింథసైజరులలో ఎక్కువ వాటి యెదుట మీరు బెదరకుండ కూర్చుండగలరు.

పాత యంత్రముల మేలు ఇక్కడనే యున్నది. ఈనాటి కీబోర్డులో వందల ధ్వనులు, వందల తాళములు సిద్ధముగా నుండును. ఒక బొత్తాము నొక్కిన చాలును. పాత సింథసైజరులో ఏదియు సిద్ధముగా నుండదు. ప్రతి పనికి ఒక మీట పైననే యుండును. చెవితో విని చేతితో దిద్దవలెను. కష్టమే గాని, అట్లు ఆరు నెలలు చేసినవాని చెవి తెరువబడును.

ఇండ్లలో పుట్టిన సంగీతము

ఈ వాద్యము చరిత్రలో ఇంటికి గొప్ప స్థానమున్నది. అమెరికా దేశస్థుడైన రాబర్ట్ మోగ్ (1934–2005) బాల్యమునుండి తండ్రితో కలిసి ఇంటిలో ఎలక్ట్రానిక్ పరికరములు చేయుచుండెను. చేతితో తాకకయే వాయించు ‘థెరెమిన్’ అను వాద్యమును చేసి అమ్మెను. 1964లో హెర్బర్ట్ డాయిచ్ అను సంగీత విద్వాంసునితో కలిసి తన సింథసైజరుకు రూపమిచ్చెను. ఆయన పేరు ‘మూగ్’ అని వ్రాసినట్లుండును గాని ‘మోగ్’ అని పలుకవలెను. మన తెలుగు చెవికి అది మోగు వస్తువునకు తగిన పేరే. 1970లో వచ్చిన మినీమోగ్ మూడు ఆసిలేటరులు, 44 మెట్లు గల చిన్న పెట్టె. గదినిండ పరచుకొనిన యంత్రమును ఒక బల్లమీదికి తెచ్చినది అదియే.

ఇంగ్లండులో డాఫ్నీ ఓరమ్ (1925–2003) అను స్త్రీ, బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాపును 1958లో స్థాపించినవారిలో ఒకరు. మరుసటి సంవత్సరమే ఆ ఉద్యోగమును విడిచి కెంట్ జిల్లాలోని తన ఇంటిలో స్వంత స్టూడియో పెట్టుకొనెను. సినిమా ఫిల్ముపై సిరాతో గీతలు గీసి, ఆ గీతలను ధ్వనిగా మార్చు యంత్రమును ఆమె నిర్మించెను.

సంఘమునకు మరి దగ్గరిది వెండీ కార్లోస్ చేసిన పని. న్యూయార్కులో తన నివాసములోని చిన్న స్టూడియోలో, మోగ్ సింథసైజరుతోను, తానే కూర్చుకొనిన 8 ట్రాకుల టేపు రికార్డరుతోను, జర్మనీ దేశపు లూథరన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) రచనలను వాయించి 1968లో ‘స్విచ్డ్ ఆన్ బాఖ్’ అను రికార్డు వెలువరించెను. ఆ యంత్రము ఒకేసారి ఒక్క స్వరమునే పలుకును. నాలుగు గొంతులున్న పాటకు నాలుగుసార్లు విడివిడిగా వాయించి, ఒకదానిపై ఒకటి పేర్చవలెను. కొంతసేపు వాయించునప్పటికి శ్రుతి జారిపోవును. మరల ఆగి సరిచేయవలెను. అట్లు నెలల తరబడి కూర్చుండి చేసిన ఆ రికార్డునకు 1970లో మూడు గ్రామీ బహుమానములు వచ్చినవి. అందులో బాఖ్ 147వ కాంటాటాలోని ప్రసిద్ధమైన యేసు స్తుతి కీర్తనయు ఉన్నది. 1723లో లైప్‌జిగ్ దేవాలయములో పాడిన పాట, 245 సంవత్సరముల తరువాత ఒక ఇంటిలో తీగెలు, మీటల నడుమ మరల మోగినది. బాఖ్ దీనిని మెచ్చునా అని అడుగువారున్నారు. ఆయన మన గాయక బృంద నాయకులవలె పిల్లలకు పాట నేర్పినవాడు. అంతేగాక క్రొత్త ఆర్గనులను పరీక్షించుటకు ఊరూర ఆయనను పిలుచుచుండిరి. యంత్రమన్న భయము ఆయనకు లేదు.

పారిసు నగరములోని ట్రినిటీ దేవాలయములో 1931 మొదలు తన మరణము వరకు, అనగా 1992 వరకు ఆర్గను వాయించిన ఒలీవియే మెస్యాన్ సహితము, ‘ఓండ్ మార్తెనో’ అను ఎలక్ట్రానిక్ వాద్యమును తన భక్తిరచనలలో వాడెను. ప్రతి ఆదివారము గాలి ఆర్గను వాయించిన చేతితోనే ఆయన విద్యుత్తు వాద్యమునకు స్వరములు వ్రాసెను.

మన దేశమునందు ఈ కథ లేదనుకొనవద్దు. అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో మోగ్ సింథసైజరుతో ఒక స్టూడియో ఏర్పడెను; అక్కడ మన భారతీయులు చేసిన టేపులు చాలకాలము అలమారలలో ఉండిపోయి ఈ మధ్యనే వెలుగులోనికి వచ్చినవి. బొంబాయి సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ అను ఆయన 1982లో రోలాండ్ కంపెనీవారి మూడు యంత్రములతో పది రాగములను వాయించి రికార్డు చేసెను. ఇంటిలో సాధన చేయుచుండగా ఆ మూటి కలయిక బాగున్నదని తోచి రికార్డు చేసితినని ఆయన తరువాత చెప్పెను. ఆ రోజులలో ఎవరును దానిని లక్ష్యపెట్టలేదు. 2010లో మరల ముద్రించినపుడు ప్రపంచమంతట విని ఆశ్చర్యపడిరి. 2015లో ఆయన మరణించెను. బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ అను వేణువిద్వాంసుడు, ఇంజనీరు 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను తయారుచేసెను. మన సంగీత ఉపాధ్యాయుల ఇండ్లలో మోగుచున్న శ్రుతిపెట్టె ఆ జాతిదే. కావున ‘మాకు సింథసైజరు తెలియదు’ అనువారు కూడ ఏండ్ల తరబడి దాని శ్రుతికే పాడుచున్నారు.

జపాను దేశములో రోలాండ్ కంపెనీని 1972లో స్థాపించిన ఇకుటారో కాకెహాషి (1930–2017) యౌవనమందు గడియారములు, రేడియోలు బాగుచేయుచు జీవించెను. క్షయవ్యాధితో ఏండ్ల తరబడి ఆసుపత్రిలో ఉండెను. ఆయనయు, అమెరికాలో డేవ్ స్మిత్‌యు పట్టుపట్టగా వేర్వేరు కంపెనీలు ఒప్పుకొని, 1983లో ‘మిడి’ అను ఉమ్మడి పద్ధతి వచ్చినది. ఏ కంపెనీ వాద్యమైనను మరియొకదానితో మాటలాడగలుగుట దానివలననే. పోటీదారులు లాభమును ప్రక్కకు పెట్టి ఒక భాషను పంచుకొనిరి. సంఘములుగా వేర్వేరు పేర్లతో నున్న మనకు ఇందులో పాఠము లేకపోలేదు.

ఆరంభించువారికి

ఇక ఇంటిలో ఆరంభింపగోరు యౌవనస్థులకు నాలుగు మాటలు.

మొదటిది, అసలైన పాత యంత్రము కొనవలెనన్న పట్టుదల వద్దు. 1970, 80లలోని యంత్రములకు ఇప్పుడు సంగ్రాహకుల గిరాకి వలన వెల మితిమీరినది. వాటి పద్ధతిలోనే క్రొత్తగా చేసినవి దొరకుచున్నవి. 1978 నాటి కోర్గ్ ఎం.ఎస్. 20 చిన్న రూపములో 2013లో మరల వచ్చినది. అదియు లేనివారికి కంప్యూటరులోను, ఫోనులోను ఉచితముగా దొరకు ప్రోగ్రాములున్నవి. నేర్చుకొనవలసినది మీటల అర్థము. పెట్టె వయస్సు కాదు.

రెండవది, విద్యుత్తు. జపాను దేశములో అమ్మిన యంత్రము 100 వోల్టులకు, అమెరికాలో అమ్మినది సుమారు 120 వోల్టులకు చేయబడినది. మన గోడలో 230 వోల్టులున్నవి. విదేశములోనున్న బంధువు ప్రేమతో తెచ్చిన వాద్యమును వెనుక చీటీ చదువకుండ ప్లగ్గులో పెట్టిన, ఒక్క క్షణములో కాలిపోవును. వోల్టులు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు తప్పక వాడవలెను. పాత యంత్రములలో ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరులు కాలక్రమమున ఎండిపోవును; లోపలి బ్యాటరీలు కారి బోర్డును తినివేయును. 1981 నాటి కోర్గ్ పాలీసిక్స్‌కు ఈ జబ్బు ప్రసిద్ధము. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులలో విద్యుత్తు నిలిచియుండును గనుక, తెలిసినవారి ప్రక్కన గాని మూత విప్పవద్దు.

మూడవది, మన వాతావరణము. పాత ఆసిలేటరులు ఎండకు, చలికి శ్రుతి మారును. మే నెలలో ఉదయము సరిచేసిన శ్రుతి మధ్యాహ్నమునకు నిలువదు. వాయించుటకు అరగంట ముందు స్విచ్చి వేసి, వేడెక్కిన తరువాతనే శ్రుతి చేయవలెను. తీరప్రాంతమువారు ఉప్పుగాలి, ధూళి తగులకుండ గుడ్డ కప్పి ఉంచవలెను.

నాలుగవది, రికార్డు చేయు విధము. 1979లో టీయాక్ కంపెనీవారు మామూలు కాసెట్టుపై నాలుగు ట్రాకులు వేయు యంత్రమును తెచ్చినప్పుడే ఇంటి సంగీతమునకు తలుపు తెరచుకొనినది. ఇప్పుడు ఆ పనిని ఏ కంప్యూటరైనను చేయును. ఒకసారి శ్రుతి, ఒకసారి తాళము, ఒకసారి రాగము. ఒకదాని తరువాత ఒకటి, తొందరలేక.

మన కీర్తన, యంత్రపు శ్రుతి

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన మన భక్తకవులు కర్ణాటక రాగములలో, తాళములలో కీర్తనలు రచించిరి. మనము చేతపట్టుకొను కీర్తనల పుస్తకమును తెరచిన, ప్రతి కీర్తన తలపైన రాగము పేరు, తాళము పేరు ముద్రించియుండును. చరణములుండును. అయితే స్వరము ఉండదు. వరుస ఎక్కడ నున్నది? పెద్దల నోటిలో నున్నది. తల్లి నోటినుండి బిడ్డ నోటికి వచ్చినది. ఆ పెద్దలు ఒక్కొక్కరుగా ప్రభువునందు నిద్రించుచున్నారు. వారితోకూడ వరుసలు సమాధి యగుచున్నవి. పుస్తకములో ముద్రితమైయుండియు ఏ సంఘములోను పాడబడని కీర్తనలు ఎన్ని యున్నవో, మీ గాయక బృందమువారితో కూర్చుండి విషయసూచికలో గుర్తులు పెట్టి చూడుడి.

దీనికి తోడు మరియొక నష్టము. కీబోర్డులోని సిద్ధమైన తాళములలో ఎక్కువ భాగము నాలుగు దెబ్బలవి. మిశ్రచాపు ఏడు మాత్రలు; ఖండచాపు అయిదు. ఏడు మాత్రల కీర్తనను నాలుగు దెబ్బల తాళములో పోసినపుడు, ఒక మాత్ర లాగి ఎనిమిది చేయుదురు. పదము విరుగును, ఊపిరి తప్పును, అర్థము చెడును. పిల్లలు అదియే అసలు వరుస యనుకొందురు.

ఇంటిలో సింథసైజరు నేర్చిన యౌవనస్థుడు ఈ రెండు నష్టములను ఆపగలడు. ఎట్లనగా, పాత పద్ధతి సీక్వెన్సరులో అడుగుల సంఖ్యను మనమే నిర్ణయించుకొనవచ్చును. పదునారు అడుగులకు బదులు పదునాలుగు పెట్టి, ఒకటవ, ఏడవ, పదకొండవ అడుగులలో దెబ్బ ఉంచిన, మూడు, రెండు, రెండుగా మిశ్రచాపు నడచును. పది అడుగులు పెట్టి ఒకటి, అయిదులలో దెబ్బ ఉంచిన ఖండచాపు. యంత్రమునకు మన తాళము తెలియదు గాని, నేర్పిన నేర్చుకొనును.

శ్రుతి విషయము ఇంకను ముఖ్యము. కీబోర్డు స్థాయిని పండ్రెండు సమభాగములుగా చేసినది. మన గాయకులు పాడు స్వరములు అట్లు సమానముగా నుండవు. షడ్జము సెకనుకు 240 కంపనములని అనుకొనుడి. తంబురా పంచమము సరిగా 360. కీబోర్డు పంచమము సుమారు 359.6, భేదము స్వల్పమే. గాని అంతర గాంధారము తంబురాపై 300 కాగా, కీబోర్డుపై సుమారు 302.4. ఇది చెవికి తెలియు భేదము. హార్మోనియముపై మన సంగీత విద్వాంసుల ఫిర్యాదులలో ఇదియు ఒకటి. 1940లో ఆకాశవాణిలో హార్మోనియమును నిషేధించిరి, ఆ నిషేధము 1971 వరకు సడలలేదు.

మినీమోగ్ వంటి పాత యంత్రములో ఒక వరమున్నది. రెండవ ఆసిలేటరును ఒక మీటతో మనకిష్టమైనంత పైకి, క్రిందికి జరుపవచ్చును. మొదటి ఆసిలేటరుపై షడ్జము పెట్టి, రెండవదానిని పంచమము వైపు మెల్లగా త్రిప్పుడి. రెండు ధ్వనులు కలియకముందు ‘వవ్, వవ్’ అని కొట్టుకొనును. కలియుకొలది ఆ కొట్టుకొనుట నెమ్మదించి, సరిగా కలిసినచోట ఆగిపోవును. ఆ నిశ్చలతయే శుద్ధ పంచమము. ఈ ఒక్క సాధన నెలరోజులు చేసినవారికి శ్రుతి అనగా ఏమో ఎవరును చెప్పనక్కరలేదు. గమకముల కొరకు ప్రక్కనున్న చక్రమును చేతితో త్రిప్పి స్వరమును వంచవచ్చును. అది వీణ కాదు, కంఠము అసలే కాదు. అయినను మెట్లకు కట్టుబడిన హార్మోనియముకంటె ఒక అడుగు ముందున్నది.

అందుచేత యౌవనస్థులకు నా మనవి ఇది. మీ సంఘములోని వృద్ధురాలగు ఒక తల్లియొద్దకు, తాతయొద్దకు పోయి, మరచిపోబడిన ఒక కీర్తనను వారిచేత పాడించి ఫోనులో రికార్డు చేయుడి. వాద్యము ముందు పెట్టవద్దు. ముందు వారు వారి శ్రుతిలో, వారి నడకలో పాడవలెను. ఆ రికార్డును మరెవరికైనను పంపుటకు వారి అనుమతి అడుగుడి. ఇంటికి వచ్చి, వారి షడ్జమేదో వెదకి, మీ యంత్రమును దానికి శ్రుతి చేయుడి. ఆమె గాంధారము 300, మీ కీబోర్డుది 302 అయిన, ఆమెను సరిదిద్దవద్దు, యంత్రమును సరిదిద్దుడి. క్రింద ఒక శ్రుతి, సన్నని తాళము ఉంచి, ఆమె స్వరము పైన తేటగా వినబడునట్లు చేయుడి. ఆ తరువాత ఆమె గొంతు తీసివేసి, శ్రుతితాళములు మాత్రమే ఉన్న రెండవ ప్రతి చేయుడి. మొదటి ప్రతితో పిల్లలు నేర్చుకొందురు. రెండవ ప్రతితో తామే పాడుదురు. మంచము విడువలేని రోగులకును, దేవాలయమునకు రాలేని వృద్ధులకును తగ్గు శ్రుతిలో ఇట్టివి చేసి పంపిన, అది పరామర్శ సేవయే యగును.

మూడు హెచ్చరికలు

సంతోషముతో చెప్పినవి చెప్పితిని. ఇక హెచ్చరికలు.

పాత వాద్యముల మీద వ్యామోహము ఒక వలవంటిది. ఒకటి కొనినవాడు రెండవది లేనిదే సంగీతము రాదనుకొనును. అప్పుచేసి కొనుట, ఇంటి ఖర్చు తగ్గించి కొనుట, కొని ముట్టక పెట్టుట, ఇవి సంగీతము కావు. ఒక ఆసిలేటరు, ఒక ఫిల్టరుతో ఒక కీర్తనను సంపూర్ణముగా చేసిన తరువాతనే రెండవదానిని గూర్చి తలంపుడి.

రెండవది, ఒంటరితనము. ఈ పని తలుపు మూసికొని, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని చేయునది. నలుగురి పనిని ఒక్కడు చేయగలుగుట దీని బలము. నలుగురు అక్కరలేదనిపించుట దీని శోధన. గాయక బృందములో ఆల్టో పాడు అక్క తప్పు పాడవచ్చును. టేపులోని స్వరము తప్పదు. అయినను ప్రభువు ఆ అక్కకొరకు మరణించెను గాని టేపుకొరకు కాదు. ఇంటిలో ఎన్ని గంటలు గడిపితిరో, వారమునకు ఒక్కసారియైనను అన్ని గొంతుల నడుమ నిలువబడి పాడుడి.

మూడవది, శబ్దము. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో ప్రాణములేని వాద్యముల మాట ఎత్తి, స్వరములు స్పష్టముగా వేరుపడకున్న వినువారికి ఏమియు బోధపడదని హెచ్చరించుచున్నాడు. మన దేవాలయములలో స్పీకరు మోతకు సంఘము నోరు మూసికొని నిలువబడుట మనము చూచుచునే యున్నాము. దీనికొక పరీక్ష చెప్పెదను. పాట నడుమ కరెంటు పోయినదనుకొనుడి. పాట ఆగిపోయిన, అంతవరకు పాడినది యంత్రము. పాట ఆగక సాగిన, పాడినది సంఘము. ఈ పరీక్షకు కరెంటు పోవుటకొరకు కనిపెట్టుకొని యుండనక్కరలేదు. గాయక బృంద నాయకులు ఒక చరణమునకు చేయి ఎత్తి వాద్యములన్నిటిని నిలిపిన చాలును.

పెద్దలకు ఒక మనవి

పెద్దలారా, మీతోను ఒక మాట. స్కాట్లండు ప్రెస్బిటేరియన్ సంఘములు పందొమ్మిదవ శతాబ్దము నడిమి వరకు దేవాలయములో ఆర్గనును రానీయలేదు. నేడు ఆర్గను లేని దేవాలయము వెలితిగా కనబడుచున్నది. 1840ల నాటి పారిసులో పుట్టిన హార్మోనియము మన పల్లెలకు వచ్చి, మనదే యన్నంతగా ఇమిడిపోయినది. 1935లో హామండ్ ఆర్గను వచ్చినపుడు, గొట్టముల ఆర్గను కొనలేని ఎన్నో దేవాలయములు దానిని ఆదరించినవి. ఏ వాద్యమును పుట్టుకతో పరిశుద్ధము కాదు, అపవిత్రమును కాదు. 150వ కీర్తన బూరను, తంతివాద్యమును, మ్రోగు తాళములను ఒక్క వరుసలో నిలిపినది. చివరకు పిలిచినది మాత్రము ఊపిరి గల ప్రతి ప్రాణిని.

మీ యింటిలో కుమారుడో, మనుమరాలో అర్ధరాత్రివరకు మీటలు త్రిప్పుచు వింత శబ్దములు చేయుచున్న, కోపపడకముందు ఒక్కసారి ప్రక్కన కూర్చుండుడి. ఏమి చేయుచున్నావని అడుగుడి. మీకు మాత్రమే తెలిసిన ఒక పాత కీర్తనను పాడి వినిపించుడి. ఆ బిడ్డకు యంత్రము తెలియును. మీకు వరుస తెలియును. ఈ రెండును ఒకే గదిలో కలియకున్న, మన రెండవ శతాబ్దము పుస్తకములో పేర్లు మాత్రమే మిగిలిన కీర్తనలతో ఆరంభమగును.

గడచిన నూరేండ్లలో మన పితరులు దీపపు వెలుగులో, చేతి చప్పట్లతో, గొంతెత్తి పాడి ఈ సంఘములను కట్టిరి. వారికి లేని పరికరములు మనకున్నవి. వారికున్న పాట మనకుండునట్లు దేవుడు కృప చూపును గాక. ఆమేన్.